ఎర్రరంగు వేసిన మడుగు

ఆ పటంలో రంగులు వేసింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత ఎవరో చెబితే వినడం నాకు నచ్చదు. వేలుపెట్టి చూపించింది మాత్రం మా మేనత్త.

ఆమెను అందరూ చాపలత్త అంటారు. నలభై ఏళ్లుగా తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు నేస్తోంది. మా ముందుగదిలో సగం మగ్గమే. మిగిలిన సగంలో ఇద్దరం ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుంటూ బతుకుతున్నాం. నేసేటప్పుడు మాట్లాడితే కసురుతుంది. మాట్లాడకపోతే, "ఏంటే ఆ మూతి?" అంటుంది.

ఇళ్ల వెనక రెండు మడుగులున్నాయి, పెద్దది, చిన్నది. తుంగ వాటిలోనే పెరుగుతుంది. ఒకసారి కోసిన చోట మళ్లీ మూడేళ్లదాకా కొడవలి పెట్టకూడదు. ఆలోగా తుంగ బలుస్తుంది, నీటిపక్షులు గూళ్లు కట్టుకుంటాయి. ఏ ఏడు ఏ ముక్క కోయాలో చెప్పేది అత్తే. తొందరపడి దిగినవాడి ఇంటి ముందు నిలబడి వాడి ఏడుతరాలనూ దులిపేస్తుంది.

పోయినేడు పక్షుల రక్షణ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్థుడే. "పెద్ద మడుగు పటం మీరే గీయాలి. మీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. మేం ఉబ్బిపోయాం. బడిలో బల్లలు కలిపి మంచమంత కాగితం పరిచారు. మనుషులు తిరిగే చోట పచ్చరంగు, తిరగని చోట ఎరుపు వేయమన్నారు. ఆ ఏడు కోస్తున్న మూలకు పచ్చ వేశాను. విశ్రాంతికి వదిలిన మూడు ముక్కలకూ ఎరుపు పూశాను.

"ఇక్కడ ఎవరూ అడుగు పెట్టరా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు.

"పెట్టరు బాబూ. నేను పెట్టనివ్వను" అంది అత్త గర్వంగా.

ఆయన రాసుకున్నాడు. మేం సంతకాలు చేసి, టీ తాగి ఇంటికొచ్చాం.

నాలుగు నెలలకు సిమెంటు స్తంభాలు దిగాయి. సరిగ్గా నేను ఎరుపు వేసిన అంచు వెంబడే పాతారు, ఒక్క జానెడు కూడా తప్పలేదు. ఆపైన ముళ్లకంచె వేసి ప్రవేశం నిషిద్ధమని బోర్డు కట్టారు. మాకు మిగిలిన పచ్చముక్కలో ఉన్నవి కోసిన మోళ్లే.

అత్తను తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. గోడకు మా పటం అద్దం బిగించి వేలాడుతోంది. 

"మనుషులు రాని చోటని మీరే చెప్పారు కదమ్మా. అలాంటి చోటునే శాశ్వతంగా మూసేస్తాం" అన్నాడాయన.

"రాకపోవడమంటే వదులుకోవడం కాదు బాబూ. దాచుకున్నాం. ఇదిగో, ఈ ముక్క వచ్చే ఏడు కోతకు."

"ఈ ముక్కను ఈ మూడేళ్లలో ఒక్కసారైనా కోశారా?"

"కోశాం" అనమని అత్త మోచేయి గిల్లాను. ఆ ఒక్క మాటతో గొడవ తీరిపోయేది. అత్త పటంలో ఆ ముక్క మీద వేలు పెట్టింది.

"లేదు" అంది.

ఆ తర్వాత మా వీధిలో మాతో మాటలు తగ్గాయి. కుళాయి దగ్గర పక్కింటావిడ నా మొహం చూడకుండానే, "మీ అత్తే కదా మా నోట్లో మట్టి కొట్టింది" అంది. నాకు ఒళ్లు మండింది. బిందె సగంలోనే ఎత్తుకుని వచ్చేశాను.

కిందటి వారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం చిన్న మడుగు పటం గీస్తారట, అందరూ రావాలట. చిన్న మడుగు రెండేళ్లుగా మొత్తం విశ్రాంతిలో ఉంది. మాకు మిగిలిన తుంగంతా అదే. అత్త ఆ కాగితం నాచేత మూడుసార్లు చదివించుకుంది. ఆ రోజు నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. నాకు భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే రెండు కొడవళ్లు తీసి ఒకటి నా చేతికిచ్చింది. ఆమె వెంట నడిచాను. చిన్న మడుగులో తుంగ ఇంకా లేతగా ఉంది. ఎండితే పుటుక్కున విరుగుతుంది, చాపకు పనికిరాదు. మేం దిగగానే పక్షులు గుంపుగా లేచాయి.

"అత్తా, గుడ్లున్నాయే."

"కనబడుతున్నాయి. కొయ్యి. రేపు ఆయన వచ్చేసరికి ఇక్కడ మన అడుగులు ఉండాలి."

వంగి మొదటి దుబ్బు పట్టుకుంది.  కోసింది. కాసేపటికి గట్టు మీదికి ఇంకో పదిమంది వచ్చారు. మమ్మల్ని చూసి వాళ్లూ కొడవళ్లతో దిగారు. ఆగమని అత్త ఎవరికీ చెప్పలేదు.