బల్ల మీద ఒక్క డబ్బా

అంకుల్ పోయారు. పొద్దున్నే ఆంటీ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అంకుల్ వెళ్లిపోయారే" అని ఒక్క ముక్క చెప్పి, ఆ వెంటనే "టిఫిన్ తిన్నావా?" అని అడిగారు. తిన్నానని అబద్ధం చెప్పాను. డ్యూటీకి బయల్దేరినదాన్ని కారెక్కి, బెల్టు పెట్టుకుని, ఇంటి ముందే చాలాసేపు కూర్చుండిపోయాను. స్టీరింగ్ ఎటు తిప్పాలో తోచలేదు.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లు "పెద్ద వయసేగా" అన్నారు. "బాధ పడకుండా పోయారు, అదృష్టవంతులు" అన్నారు. అందరూ మంచివాళ్లే. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండింది. బాధ పడలేదని వీళ్లకెవరు చెప్పారు? తనకు తానే కొద్దికొద్దిగా దూరమైపోతుంటే, ఆ సంగతి తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్న మనిషి ఆయన. ఆపడానికి మేం చెయ్యని ప్రయత్నం లేదు. మా ప్రయత్నాల్లో ఒకటి బియ్యం బస్తాతో నిలబెట్టిన బల్ల. దాని గురించి చెప్పకుండా అంకుల్ గురించి చెప్పడం నా వల్ల కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌కు చదువుకోవడానికి వచ్చినప్పుడు వాళ్లింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. చదువు అయిపోయింది, పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి రెసిడెన్సీ కూడా వచ్చింది. గది మాత్రం ఖాళీ చెయ్యలేదు. చెయ్యమని వాళ్లూ అనలేదు. అంకుల్ తెనాలి మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. గుడ్డు కూడా ముట్టరు. సాలీడు కనిపిస్తే గ్లాసు బోర్లించి పట్టుకుని పెరట్లో వదిలేసేవారు. అలాంటి మనిషికి రైఫిల్ పిచ్చి ఉందంటే మొదట నేను నమ్మలేదు. జింకల జోలికీ కుందేళ్ల జోలికీ పోయేవారు కాదు. క్లబ్బు మైదానంలో బోర్లా పడుకుని, దూరంగా నిలబెట్టిన కాగితం మీద గురి చూసి కొట్టడం, అంతే.

"కాగితానికి చిల్లు పెట్టడానికి అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాలా? పంచింగ్ మిషను డ్రాయర్లోనే ఉందిగా" అనేవారు ఆంటీ.

"దాంతో ఎవరైనా పెడతారు. దానికి గాలి లెక్క తెలియక్కర్లేదు" అనేవారు ఆయన, బూట్లు తొడుక్కుంటూ.

కాల్చడం కంటే ఆయనకు తూటాలు తయారు చేసుకోవడమే ఎక్కువ ఇష్టం. తూటా పేలాక ఇత్తడి గొట్టం మిగిలిపోతుంది. దాన్ని కేసు అంటారు. కేసును కడిగి ఆరబెట్టి, ప్రెస్ అనే చిన్న ఇనుప యంత్రంలో పెట్టి, హ్యాండిల్ కిందికి నొక్కితే మళ్లీ సరైన కొలతకు వస్తుంది. తర్వాత అడుగున నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ బిగించి, పౌడర్ అనే తుపాకీమందు కొలిచి పోసి, పైన బుల్లెట్ కూర్చాలి. ఆయన ఇదంతా గ్యారేజీలో, గోడకు బోల్టులతో బిగించిన పెద్ద చెక్క బల్ల మీద చేసేవారు. పౌడర్ పోసేటప్పుడు రేడియో కట్టేసేవారు. ఆంటీ కాఫీ అంటూ ఎన్ని కేకలు పెట్టినా పలికేవారు కాదు. పని అయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడి, "పిలిచావా?" అనేవారు ఏమీ ఎరగనట్టు. "చెయ్యి పనిలో ఉంటే నోరు సెలవులో ఉండాలమ్మా" అని నాకు చెప్పేవారు.

ఆయనను చూసి నేనూ లైసెన్సు తెచ్చుకుని క్లబ్బులో చేరాను. మొదటి రోజున ఆయన నాకు నేర్పింది ఒకే ఒక్క సూత్రం. బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. అది లోపలికి వెళ్లాకే రెండోది బయటికి రావాలి. ఎందుకంటే పౌడర్లు చూడడానికి ఒకేలా ఉంటాయి, నల్లటి సన్న పలుకులు. ఒకటి పొయ్యాల్సిన చోట ఇంకొకటి పోస్తే రైఫిల్ మొహం మీదే బద్దలవుతుంది. ఆసుపత్రిలో మందుల బల్ల దగ్గరా తనది ఇదే పద్ధతి అని చెప్పారు.

తర్వాత మరపు మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత దారులు. ఒకసారి సూపర్‌మార్కెట్ కార్ పార్కులో పాల క్యాను పట్టుకుని, కారెక్కడ పెట్టారో తెలియక వానలో నిలబడిపోయారు. డాక్టరు జబ్బు పేరు చెప్పిన వారంలోనే తన రైఫిల్‌ను క్లబ్బుకు అప్పగించి, లైసెన్సు వెనక్కి ఇచ్చేసి, పౌడర్ ఉండే ఇనుప బీరువాను నా పేరు మీదికి మార్పించి నాకు అప్పజెప్పారు. ఎవరూ అడగలేదు. ఎందుకంత తొందర అంటే, "అడగకముందే ఇచ్చెయ్యాలి. అడిగాక ఇస్తే లాక్కున్నట్టుంటుంది" అన్నారు.

ఆ ఇల్లు వాళ్లకు పెద్దదైపోయింది. అమ్మేసి, ఇక్కడ యూనిట్ అనే చిన్న వాటా ఇంట్లోకి మారారు. నేను దగ్గర్లోనే ఫ్లాట్ చూసుకున్నాను, బీరువా నాతో వచ్చింది. కొత్త చోట గ్యారేజీ లేదు. గోడకు బిగించిన పాత బల్ల ఆ ఇంటితోనే పోయింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా కదిలేవారు కాదు. ఇన్నేళ్లూ ఆ పనిని వెక్కిరించిన ఆంటీయే ఒకరోజు నన్ను వంటింట్లోకి లాగి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆ చేతులు ఖాళీగా ఉంటే నాకు భయమేస్తోందే. అవి ఆగితే మనిషే ఆగిపోతారు. నీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు.

అలా మొదలైంది మడతబల్ల. హార్డ్‌వేర్ షాపులో మడతపెట్టే స్టాండు ఒకటి కొన్నాను. మందపాటి ప్లైవుడ్ ముక్క కోయించి, దాని మీద ప్రెస్ బోల్టులతో బిగించాను. పని లేనప్పుడు మడిచి తలుపు వెనక నిలబెట్టుకోవచ్చు. కిటికీ ముందు పరిచి, "రండి అంకుల్" అన్నాను గొప్పగా. ఆయన హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కారు. బల్ల మొత్తం ఆయన మీదికి వాలిపోయింది. ట్రేలోని కేసులన్నీ గలగలమంటూ కార్పెట్ మీద దొర్లాయి. ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని సోఫా కింద చెయ్యి పెట్టి ఏరుతుంటే అంకుల్ నవ్వారు. ఆ యూనిట్‌లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"ఎదురు బరువు లేదమ్మా దీనికి. వెనకాల బరువు పడాలి" అన్నారు. జబ్బుకు ముందున్న గొంతు అది. ఆంటీ లేచి, వంటింట్లోంచి సోనా మసూరి బస్తా ఈడ్చుకొచ్చి స్టాండు వెనక కాళ్ల మధ్య పలక మీద పడేశారు. ఈసారి హ్యాండిల్ దిగింది, బల్ల కదల్లేదు.

రోజూ ఖాళీ కేసుల పని ఆయనే చేసుకునేవారు. శనివారాలు నేను పౌడర్, ప్రైమర్లు తాళం పెట్టెలో తెచ్చి పక్కనే కూర్చునేదాన్ని. నా రైఫిల్‌కు కావలసిన తూటాలు ఇద్దరం కలిసి నింపేవాళ్లం. నా పేరు తడబడిన రోజున కూడా ఆయన చేతులు తడబడలేదు. బస్తాలో బియ్యం తరిగేకొద్దీ బల్ల కొంచెం కొంచెం లేచేది. ఆంటీ కందిపప్పు ప్యాకెట్లు పేర్చారు. అదీ చాలకపోయేసరికి అన్నం వండడమే మానేశారు. "ఈ వారం చపాతీలే. బియ్యం తీస్తే బల్ల లేస్తుంది" అన్నారు, అదేదో మామూలు విషయమన్నట్టు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ ఆధారమంటారు. మా ఇద్దరి గడ్డిపోచ ఆ బల్ల. ఇది నిలిచినన్నాళ్లు ఆయన నిలుస్తారని నిజంగా నమ్మాం.

ఒక శనివారం పాత రకం పౌడర్ అడుగంటింది. అది దొరకక వేరే రకం డబ్బా కొని పెట్టెలో ఉంచాను, తర్వాత చూద్దామని. తలుపు దగ్గరికి పార్సెల్ వస్తే, పెట్టె తెరిచే ఉంచి, సంతకం పెట్టడానికి రెండడుగులు వేశానంతే. తిరిగి చూసేసరికి ఆయన చేతులు గాల్లో ఆగిపోయి ఉన్నాయి. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. రెంటికీ మూతలు తీసి ఉన్నాయి.

"ఈ కేసుల్లో పోసింది ఏ డబ్బాలోదమ్మా?" అన్నారు.

నేను రెండు డబ్బాల వంకా చూశాను.

"నువ్వు చూశావా?"

"లేదంకుల్."

"నేనూ చూడలేదు." ఆయన ఆ మాట ఎంత మెల్లిగా అన్నారంటే, వంటింట్లోంచి ఆంటీ వచ్చి "ఏమైంది?" అని మళ్లీ అడగాల్సి వచ్చింది.

నేను బతిమాలాను. ఈ పూట నింపినవన్నీ పారేద్దాం, రేపు మళ్లీ మొదలుపెడదాం, ఇకమీదట పౌడర్ నేనే పోస్తాను, మీరు ప్రెస్ ఒక్కటే నొక్కండి అన్నాను. ఆయన రెండు డబ్బాలకూ మూతలు బిగించి నా ఒళ్లో పెట్టారు.

"ఆసుపత్రిలో అనుమానం ఉన్న మాత్ర ఎవరికీ ఇవ్వలేదమ్మా. నీకిస్తానా?" అన్నారు.

"మరి మీరేం చేస్తారంకుల్?" అని అరిచాను. ఏడుపు ఆగలేదు. "ఇది కూడా లేకపోతే ఏం చేస్తారు మీరు?"

ఆయన తూటాలు విప్పే బోలు సుత్తి తీసి, నింపినవాటిని ఒక్కొక్కటే దాని తలలో బిగించి, కొట్టి విప్పడం మొదలుపెట్టారు. బుల్లెట్లు ఒక గిన్నెలో, పౌడర్ ఒక గిన్నెలో. చివరిది విప్పేదాకా తల ఎత్తలేదు. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. ఆయనలో ఇంకా ఎంత మిగిలుందో అది ఆ రోజు నాకు కనిపించింది. ఆ మిగిలినదాన్నంతా ఖర్చుపెట్టి ఆయన నన్ను కాపాడారు.

ఆ తర్వాత ఖాళీ కేసులతో కొన్నాళ్లు గడిచింది. ఒకే కేసును పదేపదే ప్రెస్‌లో పెట్టేవారు. ఒకరోజు ప్రెస్‌ను చూపించి, "ఇదేం మిషను?" అని అడిగారు. నేను బల్ల మడిచేశాను. ఆంటీ బస్తాను వంటింట్లోకి లాక్కెళ్లి అన్నం వండారు. ముగ్గురం కూర్చున్నాం. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

చివరి నెలలు కేర్ హోమ్‌లో గడిచాయి. షిఫ్టు అయ్యాక రోజూ వెళ్లేదాన్ని. నేనెవరో ఆయనకు తెలియదు. ఆంటీ ఎవరో కూడా తెలియదు. పోయేముందు ఆదివారం నేను వెళ్లేసరికి పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నారు. కుడిచెయ్యి దుప్పటి మీద కిందికి దిగుతోంది, పైకి లేస్తోంది. ఎడమచెయ్యి నా వైపు చాపి ఉంది. నీళ్లు కావాలేమోనని గ్లాసు అందిస్తే పట్టుకోలేదు. అప్పుడు అర్థమైంది. కేసు అడుగుతున్నారు. నా దగ్గరేముంది? ఏం చెయ్యాలో తెలియక నా చూపుడువేలు ఆ చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని పట్టుకుని, కొసను బొటనవేలితో చుట్టూ నెమ్మదిగా తడిమారు. ఇత్తడి అంచున పగులుందేమో చూసే తడమడం అది. ఎక్కడా లేదని తేలాక, నా వేలిని జాగ్రత్తగా దుప్పటి మీద పడుకోబెట్టి, మళ్లీ చెయ్యి చాపారు.

నేను ఇంకో వేలు అందించాను.