చందాపుర మునిలక్ష్మి వ్యాను

జయరామప్ప కళ్ళు పోయాక వ్యాను స్టీరింగు మునిలక్ష్మి చేతికొచ్చింది. చక్కెర జబ్బు ఆయన చూపును తినేస్తున్న రోజుల్లోనే చందాపుర శివారు లేఅవుట్లలో పెళ్ళానికి బండి నేర్పాడు. అప్పటినుంచీ ఆమె చుట్టుపక్కల ఆడవాళ్ళను పొద్దున హెబ్బగోడిలోని బట్టల ఫ్యాక్టరీ దగ్గర దింపి, సాయంత్రం తీసుకొస్తోంది.

బండి బాగోగులు మాత్రం ఆయనవే. కళ్ళు పోయినా చెవులు పోలేదనేవాడు. వ్యాను ఇంటి ముందు ఆగగానే గోడ పట్టుకుని వచ్చి, ఇంజన్ చప్పుడు విని, "బెల్టు వదులైండాది" అని చెప్పేవాడు. ఆమె బిగించేది. ఆయనకు మిగిలిన పనల్లా అదొక్కటే అని తెలుసు గనుక ఎదురు చెప్పేది కాదు.

వానలు మొదలయ్యే రోజుల్లో స్టీరింగు వెనక ఇంజన్ లైటు పసుపుపచ్చగా వెలిగింది. ఇలాంటప్పటికని ఆయన ముందే కొనిపెట్టిన, బండి లోపం చెప్పే చిన్న పరికరాన్ని ఆమె డ్యాష్‌బోర్డు కింద గుచ్చి, ఫోనులో వచ్చిన కోడు చదివింది.

"ఇంజన్‌కి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అంటాండాది."

"అయితే పొగగొట్టంలో సెన్సర్ పోయింటాది. మార్చు."

ఆమె బండి కింద దూరింది. "ఇంజన్ పక్కన గొట్టం అతుకు కాడ మసి పట్టిండాది. అదేమో చూడల్లనా?"

"పాత బండికి మసి పట్టక పసుపు పూసింటారా? సెన్సర్ మార్చమంటే మార్చు!"

ఆమె ఆ మసిని గుడ్డతో తుడిచేసి, సెన్సర్ మార్చింది. ఫోనులో కోడు చెరిపేసింది. లైటు ఆరింది. ఆ పూట ఆయన ముద్ద ఎక్కువే తిన్నాడు.

కొన్నాళ్ళకే లైటు మళ్ళీ వెలిగింది. వైర్ల కొసలు గీకమన్నాడు. ఆ తర్వాత ప్లగ్గులు మార్చమన్నాడు. చెరిపినప్పుడల్లా ఆరడం, మళ్ళీ వెలగడం.

"గ్యారేజీకి తీస్కపోదామా?" అని ఒకసారి అడిగింది.

"నేను చచ్చినాక తీస్కపో."

ఆమె మళ్ళీ అడగలేదు. ఆడవాళ్ళు ఎక్కకముందే లైటు ఆర్పేయడం అలవాటు చేసుకుంది.

చివరి సీటులో కెంపమ్మ కూర్చునేది. ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పని ఆమెది. గుండెకు మాత్రలు మింగుతుంది. "డ్రైవరక్కా, నీ బండెక్కితే చాలు, తల నొస్తాది" అనేది.

"పొద్దున్నే ఇంత సంగటన్నా తిని రాకుండా వస్తే నొప్పి పుట్టదా?" అంటే అందరూ నవ్వేవాళ్ళు. కెంపమ్మా నవ్వేది. వానలు ముదిరాక అద్దాలన్నీ మూసేసుకున్నారు.

ఆ రోజు కుండపోత. హెబ్బగోడికి ముందు రోడ్డు మీద నీళ్ళు నిలిచి బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంజన్ ఆడుతూనే ఉంది. వెనక అందరూ కునుకు తీశారు. ఎట్టకేలకు ఫ్యాక్టరీ గేటు ముందు ఆపితే, దిగినవాళ్ళలో ఒకామె అక్కడే వాంతి చేసుకుంది. కెంపమ్మ దిగలేదు.

"కెంపమ్మా, గేటు వచ్చిందమ్మా, లేయమ్మా." భుజం పట్టి కదిపితే తల పక్కకు వాలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మిగతావాళ్ళనూ పరీక్షించి, "బండి లోపలికి పొగ వస్తుందా?" అని అడిగింది.

"పొగ లేదమ్మా, వాసన గూడా లేదు."

"ఈ విషానికి వాసన ఉండదమ్మా."

మునిలక్ష్మి అద్దాలన్నీ దించుకుని వానలో తడుస్తూ ఇంటికొచ్చింది. విన్నాక జయరామప్ప గోడ పట్టుకుని బండి దగ్గరికొచ్చాడు. బండి చల్లబడనిచ్చి, పొగగొట్టం చివర గుడ్డ కుక్కమన్నాడు. సబ్బు నీళ్ళు తెమ్మన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, అతుకు మీద పోయమన్నాడు. బుస్సుబుస్సుమని చప్పుడు ఆయనకూ వినబడింది.

"బుడగలు వస్తుండాయా?"

"వస్తుండాయి."

"ఏడ?"

"ఆ పొద్దు మసి ఉండిన కాడే."

పగులులోంచి పొగ బయటికొస్తోంది. అందులోంచే బయటి గాలి లోపలికి దూరి సెన్సర్‌ను మోసం చేస్తోంది. వెనక సీటు కింద చాప ఎత్తి చూస్తే తుప్పుపట్టిన రేకులో బెజ్జం. వేళ్ళు దూరేంత.

ఆయన తడి మెట్టు మీద కూలబడ్డాడు. "నువ్వు చెప్పినావు గదా మే."

లేదని ఒక మాట అంటే ఆయన ప్రాణం కుదుటపడుతుందని ఆమెకు తెలుసు. అయినా "చెప్పినాను," అంది.

కెంపమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు. పోలీసులు వ్యాను పట్టుకుపోయారు. కేసు ఇంకా నడుస్తోంది. బండి తిరిగొచ్చాక మునిలక్ష్మి ఎవర్నీ అడగకుండా గ్యారేజీకి తోలుకెళ్ళి గొట్టం మార్పించింది, కింద కొత్త రేకు వేయించింది. లైటు మళ్ళీ వెలగలేదు. వ్యాను చప్పుడు విన్నా జయరామప్ప ఇప్పుడు గుమ్మం దాటి రాడు.

ఆడవాళ్ళలో సగంమంది రావడం మానేశారు. షిఫ్టు వేళకు వేరే బండి దొరకనివాళ్ళు మాత్రం ఎక్కుతున్నారు. జల్లు లోపలికి కొట్టి చీరలు తడుస్తున్నా అద్దం ఎత్తమని ఎవరూ అనరు. ట్రాఫిక్కులో బండి ఆగినప్పుడల్లా మునిలక్ష్మి వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. అందరూ పలికేదాకా గేరు వేయదు.