గేటు దాకా బుల్లమ్మ

బుల్లమ్మ పుట్టింది దొరల సీమలో, బతికింది అనకాపల్లిలో. చెరకు పెట్టెలు లాగే చిన్న ఆవిరి ఇంజను అది. ఓడలో వచ్చేటప్పుడు సముద్రపు గాలికి జలుబు చేసిందనీ, అందుకే దాని కూత బొంగురనీ డ్రైవరు వరదానం పిల్లలకి చెప్పేవాడు. చెప్పగా చెప్పగా తనూ నమ్మేశాడు.

మీసాలు రాని వయసులో దానికి బొగ్గు వేసే పనిలో చేరాడతను. లారీలొచ్చాక ఫ్యాక్టరీ వాళ్లు ఇంజనుని షెడ్డులోకి నెట్టి తలుపేసినా, ప్రతి ఆదివారం చర్చిలో పూజ అవగానే వెళ్లి గ్రీజు రాసి వచ్చేవాడు.

"గుళ్లో గంటసేపు, దాని కాడ పూటంతా. మరి నన్నెందుకు సేసుకున్నట్టో!" అనేది భార్య ఆరోగ్యమేరి.

"నీకు కూత లేదనుకున్నానే," అనేవాడు వరదానం.

అతను రిటైరైన కొన్నాళ్లకి, రెండువేల ఆరులో, షెడ్డు కూల్చి గోడౌను కడతామన్నారు యజమానులు. ఇంజను తుక్కుకి పోవాలి. వరదానం వెళ్లి బతిమాలితే మేనేజరు త్రినాధరావు ఒక మాట తెచ్చాడు. ఫ్యాక్టరీ వార్షికోత్సవం నాడు ఇంజను తన ఆవిరితో తనే గేటు దాకా నడిస్తే, దాన్ని అక్కడే నిలబెట్టి పైన రేకులు వేయిస్తారు. నడవకపోతే మర్నాడే లారీ ఎక్కిస్తారు.

పరవాడ ఫ్యాక్టరీల్లో పని ముగించి కంపెనీ బస్సు దిగొచ్చే వెల్డర్లకి టీలతో పాటు కథలు కూడా పోసి, బాయిలర్ గొట్టాలన్నీ మార్పించాడు వరదానం. బాయిలర్ల ఇన్‌స్పెక్టరు చూసి సరేనన్నాడు.

తీరా ఆ రోజు పొద్దున్నే బోరు మోటారు కాలిపోయింది. పక్క పొలం పోతురాజు తన ట్రాక్టరు మీద డ్రమ్ములతో నీళ్లు తెచ్చాడు.

"ఏటి మామా, అలాగయిపోనావు? కాలవ కాలవే ఎత్తుకొచ్చీనా?"

ఆ నీళ్లు నింపి నిప్పు వెలిగించారు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు పైకి లేచింది. యజమానులొచ్చి షామియానా కింద కూర్చున్నారు. ముందు వరసలో బడిపిల్లలు.

వరదానం మాత్రం నీటిమట్టం చూపే గాజు గొట్టాన్ని వదలకుండా చూస్తున్నాడు. గొట్టం నిండుగానే ఉంది. కానీ అందులో నీరు నిలవడం లేదు, వణుకుతోంది. సర్రున పైకి పోయి, మళ్లీ జారుతోంది.

"వరదానం, ఎండ మండిపోతోంది. సార్లు లేచి వెళ్లిపోతారు. కదిలించవయ్యా!" అని కింద నుంచి త్రినాధరావు అరిచాడు.

వరదానం పరీక్ష కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు, గోధుమరంగు నురగ వచ్చింది. కమ్మటి బెల్లం వాసన. ఆ వాసన పొద్దుటి నుంచీ అతని ముక్కుకి తగులుతూనే ఉంది. కానీ చెరకు ఆడే రోజుల్లో అనకాపల్లిలో ఆ వాసన ఎవడు పట్టించుకుంటాడు? కుళాయి అంచున చల్లారిన నురగని వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది.

"పోతురాజా! ఆ డ్రమ్ముల్లో ముందేటి పోసేవు?"

"సెరుకురసం. బెల్లం వండినప్పుడు వాటిల్తోనే మోత్తాం. ఈ ఏడు తొలి వంట కద మామా! అడుగున గడ్డ కట్టింది రాలేదనుకో. తీపేగా, ఇసమా ఏటి?"

వరదానం మళ్లీ గాజు గొట్టం వైపు చూశాడు. గాజులో కనిపిస్తున్నది నురగ. దాని కింద అసలు నీళ్లెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. పొయ్యి మీది రేకు నీళ్లు లేక ఎర్రబడిందంటే బాయిలర్ పేలుతుంది.

"నీళ్లు నిండుగా ఉన్నాయి కదా, ఇంకేమిటి?" అన్నాడు త్రినాధరావు. "లారీవాడు అప్పుడే వచ్చి కూర్చున్నాడు."

గేటు ఎంతో దూరం లేదు. ఈ ఒక్కసారికీ గాజునే నమ్మేద్దామా అనిపించింది వరదానానికి. చెయ్యి ఆవిరి వదిలే మర మీదకి పోయింది కూడా. షామియానా కింద పిల్లలు చెవులు మూసుకుని, కూత కోసం చూస్తున్నారు.

చెయ్యి తీసేశాడు. ఇనప పార పుచ్చుకుని నిప్పంతా కిందికి లాగేశాడు.

"అయిపోయిందిరా ముసిలోడి ఇంజను!" అని ఎవరో నవ్వారు.

వరదానం చొక్కాతో ముఖం తుడుచుకుని చూస్తే ముల్లు ఇంకా పైనే ఉంది. నిప్పు లేదు గనక రేకు ఎర్రబడే భయం లేదు, కానీ పట్టి ఉన్న ఆవిరి ఎక్కడికీ పోలేదు. కొద్దిసేపటికి అది చాలు. నురగ సిలిండర్లని పగలగొట్టకుండా వాటి కింది కుళాయిలు రెండూ బార్లా తెరిచి, "తప్పుకోండెహె!" అని మర లాగాడు.

బుల్లమ్మ మూలిగింది. కదిలింది. అడుగడుక్కీ రెండు పక్కలా పాకం చిమ్మింది. తెల్లచొక్కాలన్నీ బెల్లంరంగు తిరిగాయి. ముల్లు పడిపోతోంది, చక్రాలు బరువెక్కుతున్నాయి. గేటు స్తంభం పక్కకి ముక్కు చేరగానే బుల్లమ్మ ఉస్సురని ఆగిపోయింది.

"ముక్కే కదా వచ్చింది సార్," అని త్రినాధరావు గొణిగాడు.

పెద్ద యజమాని కళ్లద్దాల మీది పాకం తుడుచుకున్నాడు. "గేటు దాకా అన్నాం. వచ్చింది. రేకులు ఇక్కడే వేయించండి. దీన్ని ఇంకెవరూ ముట్టుకోకండి, చేతులంటుకుంటాయి."

మర్నాడు షెడ్డు నుంచి గేటు దాకా పట్టాల పొడుగునా చీమలు బారులు తీరాయి. అవన్నీ కలిసి బుల్లమ్మని ఇంకో మూరెడు ముందుకి నెట్టాయని వరదానం అంటాడు. కావాలంటే వెళ్లి కొలుచుకోమంటాడు.