తీసి పారేసిన డిస్కు

సాయిరాంకు తెలియనిది లేదు. బోధన్‌లో ఎవరి ఫోను మొరాయించినా ఆయన చెయ్యి పడాల్సిందే. పడ్డాక ఆ ఫోను మళ్లీ లేవదు, అది వేరే సంగతి. ఆరు నెలల కంప్యూటర్ కోర్సుకు హైదరాబాదు పోయి నాలుగో నెలలోనే తిరిగొచ్చిన ఘనుడు. అప్పటి నుంచి మెడలో పెన్‌డ్రైవు వేలాడేసుకుని తిరుగుతున్నాడు.

ఆ ఘనుడు ఒకరోజు మేనత్త రేణుకమ్మ ఎంబ్రాయిడరీ దుకాణానికి వేంచేశాడు.

"గీ కంప్యూటర్ల విండోస్ ముసల్దైంది అత్తా. కొత్తదేస్త, మిషను గుర్రం లెక్క ఉరుకుతది."

ఆ కంప్యూటరుతో కుట్టు మిషను నడిపే గ్రేస్ తొమ్మిదిలోనే బడి మానేసిన పిల్ల. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు, అన్నీ చూస్తుంది. ఆ రోజు మాత్రం నోరు తెరిచింది.

"అన్నా, మన డిజైన్ల సాఫ్ట్‌వేర్ శాన పాతది. కొత్తదాంట్ల నడుస్తదా?"

"ఎంత సదివినవ్?"

"తొమ్మిది."

"మరి దారాలు సూస్కో."

రేణుకమ్మ పకపకా నవ్వింది.

గ్రేస్ దారాలు చూడలేదు, ఆయన చేతులు చూసింది. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. పాత విండోస్, డిజైన్లు అన్నీ ఉన్న డిస్కు ఊడదీసి ముక్కగుడ్డల డబ్బాలో పారేశాడు. కొత్త డిస్కు బిగించి, కొత్త విండోస్ ఎక్కించాడు. తెర తళతళలాడింది. డిజైన్ల సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. మళ్లీ ఎక్కించాడు, కీబోర్డును బాదాడు. చివరికి తేల్చాడు: "తప్పు నాది గాదు. మీ సాఫ్ట్‌వేరే చెత్త." చాయ్ తాగొస్తానని పోయి, మళ్లీ రాలేదు.

ఎల్లుండి చందూర్‌లో పెళ్లి. పెళ్లికూతురి జాకెట్టు చేతులకని గ్రేస్ నెల రోజులు కూర్చుని గీసిన గుమ్మడిపూల తీగ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకోవాలి. రేణుకమ్మకు మేనల్లుడి మీద కోపం రాలేదు.

"రేపటికి జాకెట్ గాకపోతే నువ్వు గూడ రాకు గ్రేసూ. మిషనే నడ్వనప్పుడు నువ్వెందుకు?"

గ్రేస్ ముక్కగుడ్డల్లోంచి డిస్కు తీసి, టిఫిను సంచిలో వేసుకుంది.

తెల్లారి దుకాణం తాళం తీసింది తనే. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. ముసలి విండోస్ కాసేపు మూలిగి, లేచి కూర్చుంది. తీగ తెరుచుకుంది. రేణుకమ్మ వచ్చేసరికి ఒక చెయ్యి సగం కుట్టేసింది మిషను.

ఆ చప్పుడు విని సాయిరాం కూడా ఊడిపడ్డాడు.

"సూసినవా అత్తా? కొత్త విండోస్‌కు ఒక్క పూట టైమియ్యాలె. సర్దుకుంటదని చెప్పిన గద!"

అలా ఆయన ఎవరికీ చెప్పలేదు. అయినా రేణుకమ్మ మురిసిపోయింది. "మా వోని చెయ్యి ఊకెనే పోతదా!"

గ్రేస్ లేచి, జాకెట్లు పెట్టే కవర్లో చక్కగా మడిచిన పొట్లం ఆయన చేతికిచ్చింది.

"అన్నా, నీ కొత్త విండోస్. గుడ్డల డబ్బాల పడెయ్యబుద్ధి గాలె."

రేణుకమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి గిప్పుడు నడుస్తున్నదేంది?"

"నిన్న పారేసిందే, అక్కా."

సాయిరాం పెన్‌డ్రైవు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో మిషను మీద దారం తెగింది.

"ఊకెనే నిలబడ్డవ్ గద అన్నా," అంది గ్రేస్, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "గా పచ్చ దారం అందియ్యి."