దాణా ఏ మిల్లుదో అడిగిన మనిషి

మా అత్తమ్మ పోయింది. పోయిన వారం, సూరత్‌లో, అమ్రోలిలోని మా ఇంట్లోనే. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగి కూర్చున్న మనిషి అట్లాగే ఉండిపోయింది. ఫోన్ చేసినవాళ్లంతా "అదృష్టవంతురాలు, ఎవరితో చేయించుకోకుండా పోయింది" అంటున్నారు. ఏం అదృష్టమో! చేయించుకుంటే నేను చేయనా?

బతకడానికి మా ఊరి నుంచి ఇక్కడికొచ్చిన మా మామయ్య మగ్గాల కార్ఖానాలో దగ్గు తెచ్చుకుని, ఆ పని మాని, ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. ఇక్కడ పెళ్లికొడుకు గుర్రమెక్కనిదే ఊరేగింపు కదలదు కాబట్టి ఇల్లు గడిచింది. ఆయన పోయాక అత్తమ్మ గుర్రాన్ని అమ్మేస్తుందనుకున్నారు. అమ్మలేదు సరికదా, దానికి పుట్టిన పిల్లను కూడా పెంచింది. కళ్లెం పట్టుకుని ఊరేగింపులో నడిచేది మా ఆయన. మేపేది, తోమేది, తిట్టేది అత్తమ్మ. నన్ను "బిడ్డా" అని, పెద్ద గుర్రాన్ని "తల్లీ" అని పిలిచేది. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది, దాచడం ఎందుకు?

ఆమెకో అలవాటు. దాణా బస్తా విప్పగానే చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేది. "నోరు లేని జీవం. బాగలేదని అదేమన్న చెప్తదా? మనం తినలేనిది దానికెట్ల పెడ్తం?" అనేది. మా ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నిరుడు పెళ్లిళ్ల రోజుల్లో, పెద్ద గుర్రానికి బలం ఉండాలని కొత్త బస్తా తెప్పించింది. రుచి చూసే పెట్టింది. మర్నాడు గుర్రం మేత ముట్టలేదు. ఒళ్లంతా చెమటలు పట్టి, వెనక కాళ్లు వణికి కూలబడింది. పశువుల డాక్టరమ్మ వచ్చి ఎంత తంటాలు పడినా మళ్లీ లేవలేదు.

డాక్టరమ్మ దాణాను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. కోళ్ల దాణాలో ఒక మందు కలుపుతారట. కోళ్లకు మంచిదేగానీ గుర్రానికి కొంచెం తగిలినా గుండె ఆగిపోతుందట. రెండు దాణాలూ ఒకే మరలో ఆడిస్తే ఇట్లా జరగొచ్చని, ఇది ఎక్కడ ఆడించారో కనుక్కోమని చెప్పింది.

"నాలికకు చేదు తెల్వలే బిడ్డా. కమ్మగనే ఉండె" అంది అత్తమ్మ. ఆ ఒక్క మాటే ఆ పూటంతా అంటూ కూర్చుంది.

ఇక మిగిలింది పిల్ల గుర్రం. అప్పటిదాకా తవుడు, గడ్డితో పెరిగి, తల్లి పనికి ఎదిగొచ్చింది. దానికి ఏం పెట్టాలి? అంగట్లో బస్తాలు బోలెడున్నాయి. అన్నిటి మీదా గుర్రం బొమ్మ ఉంది, కంపెనీ పేరుంది. మిల్లు పేరు మాత్రం లేదు.

"మాసీ, కంపెనీ కా మాల్ హై" అన్నాడు దుకాణదారు, కంపెనీ సరుకని భరోసా ఇస్తూ.

"కంపెనీ నక్కో భయ్యా. పీసే కిదర్?" ఎక్కడ ఆడించారో చెప్పమని అత్తమ్మ పట్టు. ఆయనకు తెలియదో, చెప్పడం ఇష్టం లేదో. అత్తమ్మ ఆ మెట్ల మీదే కూర్చుంది. మా ఆయన "గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నవ్ అమ్మా, పా ఇంటికి" అంటే కదల్లేదు. "అడగంది అమ్మయినా పెట్టదు. కూసుంట" అంది. చివరికి సరుకు దించడానికొచ్చిన టెంపో డ్రైవరు చెప్పాడు, మేం కొన్న బస్తా బార్డోలీ దారిలోని మిల్లుదని.

బస్సెక్కి ఇద్దరం వెళ్లాం. అక్కడ గొడవ పెడుతుందని నేను భయపడ్డాను. అత్తమ్మ కొంగు సర్దుకుని, మెత్తగా, కోళ్ల దాణా దొరుకుతుందా అని అడిగింది. మరాడించే అతను సంబరపడ్డాడు. ఎందుకు దొరకదు, మందు కలిపిందే ఉంది, పొద్దున కోళ్లది, ఆ తర్వాత ఇదే మరలో గుర్రాలది ఆడిస్తామన్నాడు. నడుమ మర కడుగుతారా అని అడిగితే, చీపురుతో ఊడుస్తామన్నాడు.

 అప్పుడు చెప్పింది అత్తమ్మ, ఆ దాణా తినే తన గుర్రం చచ్చిపోయిందని. అతని ముఖం పాలిపోయింది. లోపల్నుంచి సేఠ్ వచ్చి, మా దాణాతోనే చచ్చిందనడానికి రుజువేదీ అన్నాడు. నిజమే, రుజువు లేదు. గుర్రాన్ని పూడ్చేశాం.

"రుజువు నాకెందుకయ్యా? రెండోదానికి ఏం పెట్టాల్నో తెల్వాలె, గంతే" అంది తెలుగులోనే. వాళ్లకేం అర్థమైందో!

మిగిలిన దాణా ఏ ఆవూ నోరు పెట్టకుండా గుంట తీసి పాతేసింది. పక్కనున్న కోసాడ్ దాకా నడిచి గుర్రాల వాళ్లందరికీ చెప్పింది. "ధందా చెడగొడుతున్నావు" అని అందరికంటే గట్టిగా అరిచిన ముసలి చాచా, కొన్నాళ్లకు తనే వచ్చి, బస్తాలు మానేసి మేం సొంతంగా పట్టించుకున్న జవల (బార్లీ) పిండిలో సగం పట్టుకెళ్లాడు. ఉలవలు నానబెట్టడం, జవలు దగ్గరుండి పట్టించడం, అన్నీ ఆమే. ఇంకో దాణా ఏదీ నాలుక మీద మాత్రం వేసుకోలేదు. "ఈ నాలికనే నమ్మి దాన్ని సంపుకున్న" అనేది. ఎంత చెప్పినా వినేది కాదు.

ఆమె పోయిన రోజు సాయంత్రం పిల్ల గుర్రం ఒక పెళ్లి ఊరేగింపుకు వెళ్లాలి. చావింటి గుర్రాన్ని పెళ్లికి రానివ్వరు. ఏడుపు లేస్తేనే అది చావిల్లని ఇక్కడి గుర్రాల వాళ్ల లెక్క. అత్తమ్మ బతికుండగానే చెప్పింది: "నేను పోతె ముందుగాల గుర్రాన్ని బయటికి తోలుండ్రి, ఎన్కసిరి ఏడ్వుండ్రి. పెండ్లిపిల్లగాడు ఏం పాపం జేసిండు?"

గుర్రాన్ని తీసుకెళ్లడానికి ఆ ముసలి చాచా వచ్చి సందు చివర నిలబడ్డాడు. లోపల మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. నేను నోట్లో కొంగు కుక్కుకుని కట్టు విప్పాను. గుర్రం బలంగా, నిగనిగలాడుతూ నన్నే లాక్కుంటూ నడిచింది. పగ్గం చాచా చేతికిచ్చి, బయటి దాణా పెట్టొద్దన్నట్టు చెయ్యి ఊపాను. "మాలూమ్ హై బేటీ" అన్నాడాయన, తనకు తెలుసన్నట్టు తలూపుతూ.

గిట్టల చప్పుడు వినబడకుండా పోయేదాకా నిలబడ్డాను. తర్వాత లోపలికెళ్లి, "గుర్రం బయల్దేరింది అత్తమ్మా" అని చెప్పాను. అప్పుడు ఏడ్చాం, ఇద్దరం.