జావా లేని ల్యాప్‌టాప్

మా ఆవిడ జాయ్సీకి మొండితనం ఉగ్గుపాలతో వచ్చింది. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ సెంటర్ నడుపుతూనే, ఉండి దగ్గర మూడు చేపల చెరువులు చేసే తన పెద్దమ్మ దానమ్మగారి కోసం ఒక ప్రోగ్రాం రాసింది. ఏ చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతోందో, అక్కడ పెట్టిన మీటర్ల నుంచి తీసుకుని షెడ్డులోని ల్యాప్‌టాప్ మీద కనబడుతుంది. అది నడవాలంటే జావా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఉండాలి. పాత ల్యాప్‌టాప్ పాడై కొత్తది కొన్నారు. దాంట్లో జావా లేదు. ఆ గట్టు మీద ఫోన్ మాటే తెగిపోతుంది, ఇక నెట్ సంగతి దేవుడెరుగు.

అందుకని జాయ్సీ జావానీ ప్రోగ్రాంనీ ఒకే మూటగా కట్టి పెన్‌డ్రైవ్‌లో వేసింది. మా చర్చిలో పాటలు తెర మీద వేసే కంప్యూటర్‌లో పరీక్షించింది. భేషుగ్గా తెరుచుకుంది. దేవుడికి స్తోత్రం అని ముందు అన్నది నేనే.

ముసురు పట్టిన మధ్యాహ్నం దానమ్మగారు ఫోన్ చేశారు.

"కరెంటు పోయిందమ్మా. జనరేటర్ ఒక్క చెరువు ఏరేటర్లనే లాగుద్ది. దేనికి పెట్టాలో తెలీట్లేదు."

బైకు మీద పరుగెత్తాం. షెడ్డు ముందున్న చెరువులో చేపలు నోళ్ళు పైకెత్తుతున్నాయి. నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు అక్కడే తిరుగుతున్నాయి. జాయ్సీ పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కితే, జావా లేదంది ల్యాప్‌టాప్.

"చర్చిలో వచ్చింది కదే?"

ఆమె మొహం పాలిపోయింది. "పోయిన క్రిస్మస్‌కి బైబిల్ క్విజ్ కోసం దాంట్లో జావా వేసింది నేనేనండీ. మన ప్రోగ్రాం మూటలోది వదిలేసి, అక్కడున్నదే వాడుకుంది."

మన దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా? నాకు ఒళ్ళు మండింది, అంతకు మించి భయమేసింది. దానమ్మగారి ఏడాది కష్టమంతా ఆ నీళ్ళలోనే ఉంది.

జాయ్సీ వెంట తెచ్చుకున్న తన ల్యాప్‌టాప్ తెరిచి, మూటలో ఉన్న జావానే వాడేలా దారి మార్చి, మళ్ళీ కట్టింది. అది షెడ్డు ల్యాప్‌టాప్‌లోకి కాపీ అయ్యేదాకా నాకు కాలు నిలవలేదు.

ఈసారి తెరుచుకుంది. ముందు చెరువు కోలుకుంది. ఎవరికీ కనబడని చివరి చెరువు ఆక్సిజన్ అంకె మాత్రం అడుగంటింది. చెరువుల కాపలా ఉండే అబ్బులు పరుగెత్తి జనరేటర్ లైను అటు మార్చాడు. సాయంత్రానికి కొన్ని చేపలు తేలాయి గానీ, మిగతావి బతికాయి.

నేను ఊపిరి పీల్చుకునేలోపే దానమ్మగారు ప్రోగ్రాం మూసేసి, ల్యాప్‌టాప్ కూడా ఆపేశారు.

"పెన్‌డ్రైవ్ తీసుకుని నువ్వు అవతలికెళ్ళవే జాయ్సీ. నువ్వు లేకపోతే తెరుచుకుంటదో లేదో చూడాలి."

మేమిద్దరం వెళ్ళి గట్టు మీద నిలబడ్డాం. జాయ్సీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వచ్చిందమ్మా," అన్నారు దానమ్మగారు లోపలి నుంచి. "ఇక మీరు ఇంటికెళ్ళండి."

జాయ్సీ అక్కడే కూలబడి ఏడ్చేసింది.