రెండో పేజీలో చివరి వాక్యం

నా చిన్నప్పుడు మా చిన్నాన్న కుడి కన్ను పోయింది. అది పోవడంలో నా చేయి ఉంది. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను. సంగారెడ్డి దగ్గర ఒక కాలేజీలో పిల్లలకు కంపెనీ రిపోర్టులు ఎలా రాయాలో చెప్పడం నా ఉద్యోగం. అసలు సంగతి మొదట్లో రాయనివాళ్లకు సగం మార్కులు కోసేస్తాను. నా వెనక నన్ను 'ఫస్ట్ లైన్ మేడమ్' అంటారట. అనుకోనీ, ఇంతకంటే పెద్ద మాటే పడాల్సిన మనిషిని.

మాది పటాన్‌చెరు పక్కనే ఉన్న ఊరు. మా జొన్న చేలకు అవతల ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేచిన రోజులవి. చిన్నాన్న అప్పటికి పెళ్లి కాని కుర్రవాడు. రసాయనాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పొద్దున్నే సైకిల్ మీద నన్ను బడి దగ్గర దించి, అటునుంచి అటే డ్యూటీకి పోయేవాడు. దారి పొడుగునా నన్ను ఏడిపించడమే ఆయన పని. మా ఇంట్లో సగం భాగం కిరాయికి ఇచ్చాం. అందులో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన అదే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. నేను ఆయన్ని మామయ్య అని పిలిచేదాన్ని.

మామయ్య పనిలో గట్టివాడు గానీ ఆయన చేతిరాత మాత్రం కోడి గెలికినట్టుండేది. ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త మేనేజరు ఆయన వారం రిపోర్టును చదవలేక రెండుసార్లు వెనక్కి పంపాడు. అప్పటినుంచి మామయ్య ఆదివారం పూట పెన్సిల్‌తో ఇంగ్లీషులో చిత్తుప్రతి రాసి నాకిచ్చేవాడు. నేను దాన్ని తెల్లకాగితాల మీద నీలం సిరాతో గుండ్రంగా ఎక్కించేదాన్ని. తొమ్మిదో తరగతి పిల్ల రాత ఫ్యాక్టరీ పెద్దసారు చదువుతున్నాడంటే ఇంకేముంది, నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ ఆదివారం మామయ్య హడావుడిగా ఉన్నాడు. సొంతూళ్లో వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్లాలి, వారం సెలవు. చిత్తుప్రతిలో మొదటి వాక్యమే పెద్దక్షరాలతో, కింద రెండు గీతలతో ఉంది. మూడో నంబరు రియాక్టర్ మీది వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు, మార్చేదాకా దాన్ని నడపొద్దు, అని. రియాక్టర్ అంటే రసాయనాలు మరిగించే పెద్ద ట్యాంకు. ఆ తర్వాత వారంలో ఎంత సరుకు తయారైంది, ఏవేవి శుభ్రం చేశారు, ఎవరెవరు సెలవు పెట్టారు, అన్నీ ఉన్నాయి.

నాకు అది మోటుగా తోచింది. మా ఇంట్లో చెడ్డ కబురు గడపలో చెప్పకూడదు. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవాలి, నీళ్లు తాగాలి, కూర్చోవాలి, ఆ తర్వాతే. ఎవరైనా పోయారన్నా సరే, మా నానమ్మ వచ్చిన మనిషి చేత రెండు ముద్దలు తినిపించాకే నోరు విప్పేది. బళ్లో నేర్పిన ఉత్తరం కూడా అంతే కదా, ముందు నమస్కారాలు, ఇక్కడ అంతా క్షేమం. అందుకని నేను సరుకు సంగతి, శుభ్రం సంగతి ముందు రాసి, వాల్వ్ మాటను మర్యాదగా రెండో పేజీ చివరికి జరిపాను. ఒక్క అక్షరం వదల్లేదు. మామయ్య మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను. ఆయన సంచి భుజాన వేసుకుని నిలబడే సంతకం పెట్టేశాడు. కవరు మా చిన్నాన్న చేతికిచ్చాడు. సోమవారం పొద్దున చిన్నాన్న దాన్ని సద్దిగిన్నె పక్కన పెట్టుకుని, నన్ను బడి దగ్గర దించి వెళ్లిపోయాడు.

మేనేజరు మొదటి పేజీ చదివాడట. అంతా బాగానే ఉందని ఫైల్లో పెట్టేశాడట. పదకొండింటికి మూడో నంబరు నడపడం మొదలుపెట్టారు. కాసేపటికే ఆ వాల్వ్ దగ్గర నుంచి మరుగుతున్న ద్రవం చిమ్మింది. దాని పక్కన నిలబడ్డది మా చిన్నాన్న.

ఆ రోజు మాకెవరూ నీళ్లిచ్చి కూర్చోబెట్టి చెప్పలేదు. ఎవరో సైకిల్ దిగకుండానే వాకిట్లోంచి అరిచి పోయారు. నేను బడి నుంచి వచ్చేసరికి నానమ్మ గడప మీద కూలబడి ఉంది. పట్నం ఆస్పత్రిలో ఇరవై రోజులుంచి పంపారు. ఎడమ కన్ను దక్కింది. కుడి కన్ను తెల్లగా, దేన్నీ చూడకుండా మిగిలింది. ఆ తర్వాత ఒంటికన్నుతో భయమని చిన్నాన్న నన్ను సైకిల్ ఎక్కించుకోలేదు.

మామయ్య మూడో రోజే పరుగెత్తుకొచ్చాడు. అంత పెద్ద మాటను రెండో పేజీ చివర ఎందుకు రాశావని ఆఫీసులో నిలదీశారట. తానే అలా రాశానని ఆయన ఒప్పుకున్నాడు. ఫోర్‌మన్ పని తీసేసి, గోదాములో డ్రమ్ములు లెక్కపెట్టే పనికి మార్చారు. ఈ సంగతి మామయ్య భార్య కుళాయి దగ్గర మా అమ్మతో చెప్పుకుని ఏడ్చిందట, అమ్మ ద్వారా నాకు తెలిసింది. పెన్సిల్ చిత్తుప్రతి నా లెక్కల పుస్తకంలోనే ఉంది. దాన్ని చూపిస్తే ఆయన ఫోర్‌మన్ ఉద్యోగం నిలిచేది.

ఒక సాయంత్రం ఆయన వచ్చి ఆ కాగితం అడిగాడు. పుస్తకంలోంచి తీసి ఇచ్చాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన అరుగు మీద కూర్చుని, ఒక తెల్లకాగితం తీసుకుని, పైన రెండు వరుసల మేర మాత్రమే కనబడేలా మిగతాదంతా వెనక్కి మడిచాడు.

"చూడమ్మాయ్, పైవాళ్లు చదివేది ఇంతే. మిగతాదంతా మడత కిందకి పోతుంది. మనిషికి దెబ్బ తగిలే సంగతి ఉంటే ఇక్కడే ఉండాలి. మర్యాదలు తర్వాత."

నేను ఏడుస్తూ, చిన్నాన్నకు నేనే చెప్పేస్తానన్నాను.

"వద్దు. సంతకం నాది. చదవకుండా పెట్టింది నేను. నువ్వు చిన్నపిల్లవి, ఇది మోయలేవు."

చిత్తుప్రతిని వేణ్ణీళ్ల పొయ్యిలో పడేశాడు. అది కాలిపోయాక అదే రిపోర్టును నా చేత మళ్లీ రాయించాడు. ఏం చేయకూడదో మొదట, ఎందుకో ఆ వెంటనే, ఎవరు ఎప్పుడు చూశారో ఆ తర్వాత, మిగిలిన ముచ్చట్లన్నీ అడుగున. నాలుగుసార్లు రాశాను. ఎవరికీ పంపనక్కర్లేని ఆ కాగితాన్ని ఆయన దీపాలు పెట్టే వేళ దాకా దిద్దుతూనే ఉన్నాడు. రిటైరయ్యేదాకా గోదాములోనే చేసి, సొంతూరు వెళ్లి, అక్కడే పోయాడు. నాకు కబురు ఆలస్యంగా అందింది.

ఇప్పుడు ఏటా మొదటి క్లాసులో నేను కాగితం మడిచి చూపిస్తాను. పిల్లలు నవ్వుతారు, ఈ కాలంలో కాగితమేంటి మేడమ్ అని. మీ ఫోన్లో మెయిల్ వస్తే తెర మీద ఎన్ని వరుసలు కనబడతాయిరా అని అడుగుతాను. చూసుకుని, రెండే మేడమ్ అంటారు. ఆ తర్వాత ఈ కథ చెబుతాను. ఒక ఫ్యాక్టరీ, ఒక పిల్ల, ఒక కార్మికుడి కన్ను. ఆ పిల్ల ఎవరో మాత్రం చెప్పను.

చిన్నాన్న ఇప్పుడు పటేల్‌గూడలో కొడుకు దగ్గర ఉంటాడు. ఆదివారాలు వెళ్తుంటాను. నేను ఆయనకు కుడిపక్క కూర్చుంటే తల మొత్తం తిప్పి చూడాలి. అందుకని ఎప్పుడూ ఎడమపక్కే కూర్చుంటాను. వెళ్లగానే, "మొదలు నీళ్లు తాగు బిడ్డా, ముచ్చట తర్వాత" అంటాడు. మా నానమ్మ పద్ధతి ఆయన వదల్లేదు. నీళ్లు తాగి బస్సుల గురించి, నా మోకాళ్ల గురించి, ఎండల గురించి మాట్లాడతాను. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతుందని లేస్తాను.

మొన్న ఆదివారం, "గా పోరగాండ్లకు ఏం చెప్తవ్ నువ్వు?" అని అడిగాడు.

"అసలు సంగతి మొదలే రాయాలని చెప్త, చిన్నాన్నా."

ఆయన తల ఊపాడు. "మంచిగ చెప్తున్నవ్. మనింట్ల కిరాయికున్న ఫోర్‌మన్ గట్ల మొదలే రాసుంటే నాకు గీ కన్ను ఉంటుండె. జెర సోమరిపోతు, ఏం జేస్తం."

దాన్ని చివరికి జరిపింది నేనేనన్న మాట నా గొంతులోనే ఉంది. నలభై ఏళ్లుగా అక్కడే ఉంది. చేతిలో గ్లాసు ఖాళీ అయింది. ఇంకో గ్లాసు నీళ్లు ఇమ్మన్నాను.